సందు మూయించమని వచ్చారు: ఎనిమిదేళ్ళ పాప కేసు

పై వరుసలో ముందు రెండు పళ్ళ మధ్య సందు ఉంది, క్లిప్పులు వేసి మూయించాలి. తల్లి చెప్పిన సమస్య ఇదొక్కటే. ఆ సందుకి నేను ఏ వైద్యమూ చేయలేదు. చేసింది వేరే సమస్యకి. అలాంటిది ఒకటి ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మధ్యలో ఒక దశలో ఆ సందు మరింత పెద్దదై కుటుంబం హడలిపోయింది, నా మీద నమ్మకం దాదాపు పోయింది. అక్కడ తప్పు నాదే. చిన్నవయసులో చేసే ఆర్థోడాంటిక్ వైద్యం, అంటే పలువరసనీ దవడనీ సరిచేసే వైద్యం గురించి ఎవరడిగినా నాకు మొదట గుర్తొచ్చేది ఈ కేసే. కుటుంబం అనుమతితో రాస్తున్నాను. పాపని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

పాపకి అప్పుడు 8 ఏళ్ళ 4 నెలలు. తండ్రి ఉద్యోగం దూరంగా, రెండు మూడు నెలలకోసారి ఇంటికొస్తాడు. తల్లి కూడా ఉద్యోగస్తురాలే. స్కూలు నుంచి వచ్చాక పాపని చూసుకునేది, రాత్రి పక్కన పడుకోబెట్టుకునేది అమ్మమ్మ. ఆరోగ్యం బాగానే ఉంది, పళ్ళకి దెబ్బలేవీ తగల్లేదు, రెండు పాలదవడ పళ్ళలో సిమెంట్ ఉంది.

మా దగ్గరికి వచ్చేముందు వాళ్ళు రెండు చోట్ల చూపించారు. ఒకచోట వెంటనే క్లిప్పులు మొదలుపెడదామన్నారట, పెదవి లోపల ఉన్న కండను కూడా కత్తిరించాలన్నారట. ఇంకోచోట పన్నెండేళ్ళు వచ్చేదాకా ఏమీ చేయక్కర్లేదు పొమ్మన్నారట. "ఒకరు ఇప్పుడే అంటారు, ఒకరు అసలొద్దంటారు, మేం ఎవరి మాట నమ్మాలి డాక్టర్ గారూ?" అని తల్లి అడిగిన మొదటి ప్రశ్న. చాలామంది తల్లిదండ్రుల టెన్షన్ ఇదే.

పరీక్షలో కనిపించింది

ముందు సందు సంగతి. కొలిస్తే 2 మిల్లీమీటర్లు. ఏడు నుంచి పదకొండేళ్ళ మధ్య చాలామంది పిల్లల్లో పై ముందు పళ్ళు విసనకర్రలా విచ్చుకుని, మధ్యలో సందులతో ఉంటాయి. ఇంకా బయటికి రాని కోరపళ్ళు లోపల పక్కపళ్ళ వేళ్ళను ఒత్తుతూ ఉండటం వల్ల అలా అవుతుంది. మా పుస్తకాల్లో దీన్ని అగ్లీ డక్లింగ్ స్టేజ్ అంటారు. ఎదిగే పిల్లలకి పెట్టాల్సిన పేరు కాదని నాకనిపిస్తుంది, తల్లిదండ్రుల ముందు ఆ మాట వాడను. 11, 12 ఏళ్ళకి కోరపళ్ళు దిగుతూ ముందు పళ్ళను దగ్గరికి నెడతాయి. సందు 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. ఆ మాట చెప్పేముందు ఒకటి తేల్చుకోవాలి. రెండు పళ్ళ మధ్య ఎముకలో అదనపు పన్ను ఏదైనా దాక్కుని ఉంటే ఆ సందు మూసుకోదు. ఎక్స్‌రే తీశాం. అదనపు పన్ను లేదు, రావాల్సిన శాశ్వత దంతాలన్నీ లోపల ఉన్నాయి. పెదవి కండ సంగతి కూడా కోరపళ్ళు వచ్చాకే ఆలోచించాలి. ముందే కత్తిరిస్తే అక్కడ ఏర్పడే గట్టి మచ్చ తర్వాత సందు మూసుకోవడానికే అడ్డొస్తుంది.

అసలు విషయం పాప నోరు మూసినప్పుడు బయటపడింది. పిల్లల్ని "పళ్ళు కరిచి చూపించు" అంటే అలవాటైన చోటే కరుస్తారు. అందుకని నేను నాలుక కొనని వీలైనంత వెనక్కి, అంగిలికి ఆనించమంటాను, గడ్డం కింద వేలు పెట్టి మెల్లగా మూయమంటాను. పాప అలాగే మూసింది. కుడివైపు పై పాలకోర, కింది పాలకోర ముందుగా తగిలాయి. ఒక్క క్షణం ఆగింది. తర్వాత కింది దవడ మొత్తం కుడివైపుకి జరిగి, అప్పుడు దవడ పళ్ళన్నీ కలిశాయి. జరిగిన దూరం దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు. మళ్ళీ చేయించాను, మళ్ళీ అంతే. పాలకోరలు తగిలిన క్షణంలో పై వరుస మధ్యగీత, అంటే ముందు రెండు పళ్ళ మధ్య గీత, కింది వరుస మధ్యగీతతో సరిగ్గా కలుస్తోంది. పూర్తిగా కరిచాక కింది గీత కుడికి పోతోంది. తల్లికి అద్దం ఇచ్చి పాప పక్కన నిలబెట్టి చూపించాను. "గడ్డం ఓ పక్కకి పోతోందేంటి?" అంది. స్కూల్ ఐడీ కార్డు ఫోటోలో కూడా అది కనిపిస్తోంది. ఎవరూ గమనించలేదు, అంతే.

ఇది క్రాస్‌బైట్. మామూలుగా పై వరుస కింది వరుసకి కాస్త బయటగా, డబ్బా మీద మూత కూర్చున్నట్టు కూర్చోవాలి. మూత కొంచెం ఇరుకైతే అంచు మీద అంచు పడుతుంది. అలా నమలడం కుదరదు కాబట్టి పిల్లలు తెలియకుండానే కింది దవడని ఒక పక్కకి జరిపి పళ్ళు కలుపుకుంటారు. చూసేవాళ్ళకి ఒకవైపే సమస్య ఉన్నట్టుంటుంది, నిజానికి పై దవడ రెండువైపులా ఇరుకే. ఈ పాపకి ఆరేళ్ళ వయసులో వచ్చే పై దవడ పళ్ళ మధ్య, అంగిలి వైపు నుంచి కొలిస్తే 30 మిల్లీమీటర్లు వచ్చింది. ఈ వయసులో 33కి పైన ఉంటే నాకు నిశ్చింత.

ఇరుకెందుకయింది? ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి తీసే పిల్లల్లో ఇలా చూస్తుంటాం. గురక లేదన్నారు. అయినా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపాను. అడినాయిడ్లు, టాన్సిల్స్ ఇబ్బందేమీ లేదని రాసిచ్చారు. వేలు చప్పరించే అలవాటుందా అని తల్లిని అడిగాను. "చిన్నప్పుడుండేది, ఎప్పుడో మానేసింది" అంది. పాప తల దించుకుంది. నేను కేస్ షీట్‌లో "లేదు" అని రాశాను.

ఇప్పుడు చేయాలా, ఆగాలా?

క్రాస్‌బైట్‌కి ఆగకూడదన్నాను. ఎదిగే దవడ పక్కకి జరిగిన స్థితిలోనే ఏళ్ళ తరబడి పనిచేస్తే ఆ వంకర ఎముకలోకి ఎక్కొచ్చు. ఇవాళ అది పళ్ళ దగ్గర అలవాటు మాత్రమే, తొలిగా తగిలిన చోట మధ్యగీతలు కలుస్తున్నాయంటే ముఖం ఎముక ఇంకా సరిగానే ఉంది. రెండో కారణం అంగిలి. అది రెండు పలకలు, మధ్యలో అతుకు. ఎనిమిది తొమ్మిదేళ్ళకి ఆ అతుకు తేలిగ్గా విడుతుంది. యుక్తవయసు దాటేకొద్దీ రెండు పలకలూ పళ్ళచక్రాల్లా ఒకదానిలో ఒకటి దిగిపోతాయి. అప్పుడు ఎముకలో స్క్రూలో, ఆపరేషనో అవసరం పడుతుంది.

సందుకి మాత్రం ఏమీ చేయొద్దన్నాను. ఇప్పుడు క్లిప్పులు వేసి ముందు పళ్ళ వేళ్ళను కోరపళ్ళ మీదికి నెడితే ఆ వేళ్ళు అరిగే ప్రమాదం ఉంది.

చిన్నప్పుడే చేస్తే ఏదైనా మంచిదే అనుకునేవాళ్ళున్నారు, అది నిజం కాదు. ఎత్తుపళ్ళనే తీసుకోండి. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ పిల్లల్ని రెండు గుంపులు చేసి, కొందరికి చిన్నవయసులో మొదలుపెట్టి రెండు దశల్లో, కొందరికి యుక్తవయసులో ఒకే దశలో వైద్యం చేసి చూశారు. చివరికి పలువరసలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముందే చేసినవాళ్ళలో ముందు పళ్ళకి దెబ్బలు తగలడం తగ్గింది, అదొక్కటే గట్టి లాభం. కాబట్టి ఎత్తుపళ్ళకి తొందరపడాలా వద్దా అన్నది ఆ పిల్లాడు ఎంత దూకుడుగా ఆడతాడు, పెదవి పళ్ళను కప్పుతోందా అన్నవి చూసి చెప్తాను. పై దవడ వెనకబడి కింది పళ్ళు ముందుకొచ్చిన పిల్లలకైతే ఫేస్‌మాస్క్, అంటే పై దవడని ముందుకి లాగే బయటి పరికరం పెట్టాలి, అది పదేళ్ళలోపు బాగా పనిచేస్తుంది. అక్కడ ఆగితే నష్టం. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం ఏడేళ్ళకల్లా ఒకసారి చూపించమంటుంది. చూపించడానికే ఆ ఏడేళ్ళు, అందరికీ వైద్యం మొదలుపెట్టడానికి కాదు.

మొదటి ప్రయత్నం, అది ఎందుకు ఫెయిలైంది

పాలకోరల కొనలు కాస్త అరగదీస్తే కొందరు పిల్లల్లో దవడ జరగడం ఆగిపోతుంది. ఇక్కడ దవడే ఇరుకు కాబట్టి అది చాలదనుకున్నాను. వెడల్పు చేయాలి. రెండు దారులున్నాయి: తీసి పెట్టుకునే ప్లేటు, లేదా పళ్ళకి అతికించే ఎక్స్‌పాండర్. నేను ప్లేటు ఎంచుకున్నాను. పాప భయపడుతోంది, తల్లి కూడా "తీసేసేదైతే బాగుంటుంది" అంది, పళ్ళు తోముకోవడం తేలిక. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఆ కారణాల్లో ఒక్కటీ ఆ దవడకి సంబంధించింది కాదు. అందరికీ సౌకర్యంగా ఉండేదాన్ని ఎంచుకున్నాను.

ప్లేటు మధ్యలో చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వారానికి రెండుసార్లు తిప్పాలి. రోజంతా, రాత్రి కూడా పెట్టుకోవాలి. మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెల్లో ప్లేటు లంచ్ బాక్సులో మర్చిపోయింది. మూడో నెల్లో వచ్చినప్పుడు ప్లేటు పళ్ళమీద కూర్చోవడం లేదు, పైకి లేచి ఊగుతోంది. స్క్రూ లెక్క ప్రకారమే తిప్పుతున్నారు, పాప మాత్రం పెట్టుకోవడం లేదు. స్క్రూని వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాం. నాలుగు నెలలు దాటాక కొలిస్తే పెరిగింది 1 మిల్లీమీటరు. అది కూడా పళ్ళు బయటికి వాలడం వల్ల వచ్చిందే. దవడ ఇంకా కుడికే జరుగుతోంది.

ఆరోజు తల్లికి సెలవు దొరక్క అమ్మమ్మ తీసుకొచ్చింది. రాత్రి ప్లేటు ఎందుకు తీసేస్తోందమ్మా అని అడిగాను. ఆవిడ ఏ తడబాటూ లేకుండా చెప్పేసింది: "నోట్లో వేలు లేందే దానికి నిద్ర పట్టదు డాక్టరు గారూ. ఆ ప్లేటుంటే వేలు పట్టదు కదా, తీసేస్తుంది. వేపనూనె రాశాను, కారం రాశాను, కడిగేసుకొచ్చి మళ్ళీ పెట్టుకుంటుంది."

పాప చెయ్యి తీసుకుని చూశాను. కుడి బొటనవేలు మిగతా వేళ్ళకన్నా తెల్లగా, నీళ్ళలో నానినట్టు ఉంది. గోరు పలచబడి శుభ్రంగా మెరుస్తోంది. కణుపు మీద చిన్న కాయ కాసింది. మొదటిరోజే ఈ చెయ్యి నా కుర్చీ చేతి మీదే ఉంది. నేను చూడలేదు. వేలు నోట్లో ఉన్నప్పుడు నాలుక కిందికి దిగిపోతుంది, బుగ్గలు పై దవడని రెండువైపులా లోపలికి నొక్కుతాయి. నేను పగలు బయటికి నెడుతున్నాను, రాత్రంతా బుగ్గలు లోపలికి నెడుతున్నాయి.

ముందు వేలు

ఎక్స్‌పాండర్ అతికిస్తే ఆ తీగలకి వేలు పెట్టుకోవడం కష్టమవుతుంది, అలవాటు కూడా పోతుంది కదా అని నా తోటి డాక్టర్ ఒకరు అన్నారు. కొందరిలో అలా జరుగుతుంది. కానీ తీగ అడ్డొచ్చి ఆగిన అలవాటు తీగ తీసేశాక తిరిగొస్తే, తెచ్చుకున్న వెడల్పు కూడా పోతుంది. పాప తనంతట తాను మానాలి, తర్వాతే ఎక్స్‌పాండర్ అనుకున్నాను.

వేపనూనె, కారం ఆపించాను. అమ్మనీ అమ్మమ్మనీ బయట కూర్చోమని పాపతో ఒక్కదానితోనే మాట్లాడాను. ఎప్పుడు పెట్టుకోవాలనిపిస్తుంది తల్లీ అంటే, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాన్న ఫోన్ పెట్టేశాక" అంది. తండ్రి రోజూ రాత్రి సరిగ్గా పడుకునే ముందు వీడియో కాల్ చేస్తాడు. ఫోన్ పెట్టేయగానే లైటు ఆర్పుతారు, వేలు నోట్లోకి వెళ్తుంది.

ఆ కాల్ సాయంత్రానికి మార్చుకోమన్నాను. పడుకునేటప్పుడు అమ్మమ్మ ఆ కుడిచెయ్యి తన చేతిలో పట్టుకుంటుంది. చేతికి పలచటి కాటన్ సాక్సు, శిక్షగా కాదు, నిద్దట్లో వేలు నోటికి వెళ్తే గుర్తుచేయడానికి. గోడమీద కేలండర్, సాక్సు తడవకుండా పొడిగా ఉన్న ప్రతి ఉదయానికి పాప తనే ఒక స్టార్ వేసుకుంటుంది. తండ్రి సాయంత్రం ఫోన్‌లో ఆ కేలండర్ చూపించమంటాడు. మొదటి వారం రెండే స్టార్లు. ఎవరూ ఏమీ అనొద్దన్నాను. ఆరో వారానికి వరుసగా పద్నాలుగు. బొటనవేలు గోరు మామూలు రంగుకొచ్చింది.

ఎక్స్‌పాండర్, ఆగిపోయిన తాళంచెవి

పాపకి తొమ్మిదేళ్ళు నిండే సమయానికి ఎక్స్‌పాండర్ అతికించాను. మధ్యలో స్క్రూ, దానికి చిన్న తాళంచెవి లాంటి పుల్ల, మింగకుండా దానికి దారం కట్టి ఇస్తాం. రోజుకొక తిప్పు, ముందు నుంచి వెనక్కి. ఒక తిప్పుకి 0.25 మిల్లీమీటర్లు. 28 తిప్పులు లెక్కవేశాను, అంటే 7 మిల్లీమీటర్లు. కొంత వెనక్కి వస్తుంది కాబట్టి అవసరానికి మించి వెడల్పు చేయాలి. తిప్పినప్పుడు ముక్కు దగ్గర బిగుతుగా ఉంటుందని, నాలుగు రోజులు మాట ముద్దగా వస్తుందని, పెరుగన్నం, ఉప్మా లాంటివి పెట్టమని, జంతికలు, పల్లీచెక్కలు వద్దని చెప్పాను. ఇవన్నీ వివరంగా చెప్పాను. "ముందు పళ్ళ మధ్య కొంచెం సందు వస్తుంది, కంగారు పడొద్దు" అని మాత్రం ఒక్క ముక్కలో, తల్లికి మాత్రమే చెప్పాను. వాళ్ళకి ప్రయాణం దూరమని వారానికి బదులు రెండు వారాలకి రమ్మన్నాను.

పద్నాలుగో రోజు వచ్చారు. కేలండర్‌లో తొమ్మిది టిక్కులే ఉన్నాయి. తొమ్మిదో రోజుకి సందు 3 మిల్లీమీటర్లు దాటింది, పాప నవ్వితే ఎదురుగా అదే కనిపిస్తోంది. అమ్మమ్మ ఆ పుల్లని దేవుడి గూట్లో పెట్టేసి ఇంక ముట్టుకోలేదు. తల్లి కళ్ళనిండా నీళ్ళు: "సందు మూయించమని మీ దగ్గరికొస్తే ఇంకా పెంచారు. ఇంట్లో అందరికీ నేనేం చెప్పాలి?"

ఆ మాట సబబే. ఆ కుటుంబం మొదటిరోజు నుంచీ భయపడుతున్నది ఒక్క సందుకే. సరిగ్గా దాన్నే నా వైద్యం పెంచుతుందని నాకు ముందే తెలుసు, ముందే బొమ్మ గీసి చెప్పాల్సింది. పైగా రోజూ తాళం తిప్పే మనిషికి నేనేమీ చెప్పలేదు.

ముగ్గుర్నీ కూర్చోబెట్టాను. ముందు క్షమించమన్నాను. ఆరోజు తీసిన అంగిలి ఎక్స్‌రేలో మధ్యన నల్లటి సన్నని గీత విచ్చుకుని ఉంది, అది చూపించాను. పళ్ళు జరిగి వచ్చిన సందు కాదమ్మా ఇది, ఎముక అతుకు విడినందుకు పళ్ళు దాంతోపాటు విడిపోయాయి అన్నాను. నాలుగు నెలల ప్లేటుతో రానిది ఇదే. పళ్ళను పక్కపళ్ళతో కట్టి ఉంచే నారలు చిగుళ్ళ లోపల ఉంటాయి, తిప్పడం ఆపాక అవే రెండు పళ్ళనూ దగ్గరికి లాగుతాయి అని చెప్పి, ఇంకో పిల్లాడి ఫోటోలు, మొదట, మధ్యలో, మూడు నెలల తర్వాత తీసినవి, ముఖం లేకుండా పళ్ళు మాత్రమే, చూపించాను. అమ్మమ్మ ఫోటోలు తన చేతిలోకి తీసుకుని మూడింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత పాప వైపు తిరిగి "నోరు తెరువమ్మా" అంది. పదో తిప్పు నా ఎదురుగానే ఆవిడ చేత్తో తిప్పింది.

ఐదు రోజుల విరామానికి అతుకు గట్టిపడిపోదు కాబట్టి నష్టమేమీ జరగలేదు. మిగతా పద్దెనిమిదీ వారానికోసారి చూస్తూ పూర్తిచేశాం. చివరికి సందు 5 మిల్లీమీటర్ల దాకా వెళ్ళింది, ఈసారి ఎవరూ కంగారు పడలేదు. స్క్రూ కదలకుండా మూసేసి, విడిన చోట కొత్త ఎముక నిండేదాకా ఆరు నెలలు అలాగే ఉంచాను. రెండు నెలలకి సందు తిరిగి 2కి వచ్చింది.

ఎక్స్‌పాండర్ తీసినరోజు మొదటిరోజు చేసిన పరీక్షే చేశాను. నాలుక వెనక్కి, మెల్లగా మూయి. పళ్ళన్నీ ఒకేసారి "టక్" మని కలిశాయి. ఆ మధ్యలో ఆగడం, పక్కకి జరగడం లేవు. మధ్యగీతలు కలిశాయి. అంగిలి వెడల్పు 36. తర్వాత ఏడాదిపాటు రాత్రిళ్ళు రిటైనర్, అంటే వచ్చిన వెడల్పు పోకుండా పట్టి ఉంచే పరికరం పెట్టుకుంది, ఈసారి మానకుండా.

అప్పుడు తల్లి మళ్ళీ అడిగింది, ఎలాగూ ఇంత చేశాం కదా, క్లిప్పులు కూడా వేసేద్దామా అని. వద్దన్నాను. వేస్తే ఏళ్ళ తరబడి వేసి ఉంచాలి, కోరపళ్ళు వచ్చాక మళ్ళీ మొదటికే వస్తాం. ఆరు నెలలకోసారి చూపించి వెళ్ళమన్నాను. ఈసారి ఆవిడ ఇంకోచోట అడగడానికి వెళ్ళలేదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

వేలు అలవాటు గురించి రాత్రి పక్కన పడుకునేవాళ్ళనే అడుగుతాను. వాళ్ళు రాకపోతే ఫోన్ చేయించి అడుగుతాను. అడగడానికన్నా ముందు పిల్లల రెండు చేతులూ పట్టుకుని పది వేళ్ళూ చూస్తాను. పిల్లలు తల దించుకున్నచోట "లేదు" అని రాయను, ప్రశ్నార్థకం పెడతాను.

తాళం తిప్పేవాళ్ళు గదిలో లేకుండా ఎక్స్‌పాండర్ అతికించను. ముందుగా పెద్దదయ్యే సందు ఫోటో చూపించి, "పదో రోజుకి ఇలా ఉంటుంది, ఇలా ఉంటేనే పని జరుగుతున్నట్టు" అని చెప్పి, మొదటి తిప్పు వాళ్ళ చేతే తిప్పిస్తాను. దూరమైనా మొదటి నెల వారానికోసారి రావాల్సిందే, రాలేకపోతే ఫోటో తీసి పంపాలి.

తీసి పెట్టుకునే ప్లేటు నేను మానేయలేదు. కొందరు పిల్లలకి చక్కగా పనిచేస్తుంది. కానీ ఏ పరికరం అన్నది ఇప్పుడు దవడ కొలతలు, అలవాటు చూసి నిర్ణయిస్తాను, ఎవరికి ఏది భయం తక్కువ అన్నది ఆ తర్వాత మాట్లాడతాను.

చివరిసారి చూసినప్పుడు

పాపకి పన్నెండున్నర. పై కోరపళ్ళు రెండూ దిగాయి. మొదట చూపించడానికి వచ్చిన ఆ సందులో ఇప్పుడు గోరు కూడా పట్టదు. అంగిలి వెడల్పు 35, గడ్డం తిన్నగా ఉంది. కింది ముందు పళ్ళు రెండు కాస్త ఒకదానిమీదొకటి ఎక్కి ఉన్నాయి. దానికి క్లిప్పులు వేయొచ్చు, వేయకపోయినా నష్టం లేదు, తోముకునేటప్పుడు అక్కడ కాస్త శ్రద్ధ పెట్టాలి అని పాపకే చెప్పాను. అద్దం తీసుకుని కింది పెదవి లాగి చూసుకుంది. హాఫ్ ఇయర్లీ పరీక్షలయ్యాక చెప్తానంది.